లాటిన్ పుస్తకం కొనే ముందు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకదానికే ఈ సమయమంతా ఇవ్వాలనుకున్నాను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం నుండి ఒక సహోదరి వ్రాసింది. ఆమె పేరు చెప్పను. ముగ్గురు పిల్లలు, పెద్దమ్మాయికి పదేళ్లు. పిల్లలను స్కూలుకు పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకుంటున్నారు. వాళ్లలాగే ఇంటి చదువు చెప్పుకునే కుటుంబాలన్నీ పిల్లలకు లాటిన్ నేర్పుతున్నాయట. "అక్కా, నాలుగు కేటలాగులు ముందు పెట్టుకుని రెండు నెలలుగా కూర్చున్నాను. ఏది కొనాలో తేలడం లేదు. తప్పు పుస్తకం కొంటే పిల్లల చదువు పాడుచేసినదాన్ని అవుతానేమోనని రాత్రి నిద్ర పట్టడం లేదు" అని వ్రాసింది.

గుంటూరులోనో ఖమ్మంలోనో కూర్చుని ఈ మాటలు వింటున్న మీలో కొందరికి నవ్వు రావచ్చు. తెలుగు పిల్లలకు లాటిన్ ఏమిటని. నవ్వకండి. మీలో ఎంతమంది మనవలు ఆ దేశంలో పెరుగుతున్నారో నాకు తెలుసు. పైగా, ఆ సహోదరి కూర్చున్న కుర్చీలో ఒకప్పుడు నేనే కూర్చున్నాను. 2009 నుండి 2018 వరకు మా ఆయన ఉద్యోగరీత్యా మేము డల్లాస్ దగ్గర ఉన్నాము. మా ఇద్దరు పిల్లలకు నేనే ఇంట్లో చదువు చెప్పాను. లాటిన్ కూడా చెప్పాను. ఎలా చెప్పానో, ఎంత చెడగొట్టానో ఈరోజు దాచకుండా చెబుతాను.

ముందు తెలియనివారి కోసం కొంచెం. అమెరికాలో అన్ని రాష్ట్రాలలోనూ ఇంటి దగ్గర చదివించడం చట్టబద్ధమే. టెక్సాస్‌లో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇటువంటి ఇళ్లను ప్రైవేటు పాఠశాలలతో సమానంగా చూస్తున్నారు. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరునిగా నడుచుకోవడం, ఈ అయిదూ నేర్పాలి. ఆ జాబితాలో లాటిన్ లేదు. సహోదరీ, మొదట ఈ మాట మనసులో పెట్టుకోండి. లాటిన్ చెప్పకపోతే మీమీద ఏ అధికారీ కేసు పెట్టడు.

మరి ఇంతమంది ఎందుకు చెబుతున్నారు? 1947లో డొరొతీ సేయర్స్ అనే ఆమె ఆక్స్‌ఫర్డులో ఒక ప్రసంగం చేసింది. ఆమె డిటెక్టివ్ నవలలు రాసిన మనిషి, విశ్వాసి కూడా. మన పిల్లలకు సబ్జెక్టులు నేర్పుతున్నాము గాని సొంతంగా నేర్చుకునే పద్ధతి నేర్పడం లేదు, మధ్యయుగాల వారి పద్ధతికి తిరిగి వెళ్లాలి, దానికి లాటిన్ వ్యాకరణంతో మొదలుపెట్టడం మంచిది అని ఆమె వాదన. ఆ ప్రసంగాన్ని 1991లో డగ్లస్ విల్సన్ అనే పాస్టరు తన పుస్తకంతో మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. 1999లో జెస్సీ వైజ్, ఆమె కుమార్తె సూసన్ వైజ్ బాయర్ కలిసి ఇంట్లో చదివించే తల్లుల కోసం ఒక పెద్ద పుస్తకం వ్రాశారు. ఆ తర్వాత ఈ ఒరవడి క్రైస్తవ కుటుంబాలలో బాగా పాకింది.

ఇందులో మంచి లేకపోలేదు. ఇంగ్లిషులో సగం దాకా మాటలు నేరుగానో ఫ్రెంచి ద్వారానో లాటిన్ నుండి వచ్చినవే. ఒక వాక్యాన్ని విప్పి, ఏ మాట ఏ పని చేస్తున్నదో చూసే అలవాటు పిల్లవాడికి ఏ చదువులోనైనా పనికివస్తుంది. అయితే ఇది పరిశుద్ధమైన భాష అని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రభువు సిలువ మీది పైవిలాసం వ్రాసిన మూడు భాషల్లో ఇదొకటి, నిజమే. అక్కడ అది రోమా ప్రభుత్వపు భాష. పాత నిబంధన హెబ్రీలో, కొంత అరామిక్‌లో ఉన్నది, కొత్త నిబంధన గ్రీకులో ఉన్నది. జెరోము లాటిన్‌లోకి చేసిన తర్జుమా వెయ్యేళ్లు పశ్చిమ సంఘాన్ని పోషించింది గాని అదీ తర్జుమాయే. లేఖనాలను మూలభాషలో చదివించాలని మీ కోరిక అయితే, సహోదరీ, లాటిన్ కేటలాగులు పక్కన పెట్టి గ్రీకు పుస్తకం కొనండి. డబ్బు, కాలం రెండూ మిగులుతాయి.

ఇంకొక కారణం కూడా ఉంటుంది, అది బయటికి చెప్పుకోము. పక్కింటివారి పిల్లలు చదువుతున్నారు. నా సంగతి అదే. మన దగ్గర ఇంటర్మీడియెట్‌లో తెలుగు వదిలి సంస్కృతం ఎందుకు తీసుకుంటాము? కాళిదాసు మీద ప్రేమతోనా? మార్కుల కోసం. రెండేళ్ల తర్వాత ఆ సంస్కృతంలో ఒక్క వాక్యం చెప్పగలిగినవారు ఎంతమంది? నేను గుంటూరులో అలాగే చదివాను. డల్లాస్ వెళ్లి నా కొడుకు చేత అదే చేయించబోయాను.

మా పెద్దవాడికి తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు మొదలుపెట్టాను. మా గుంపులో ఒక స్నేహితురాలి ఇంట్లో ఏ సెట్టు ఉంటే అదే కొన్నాను. టీచరు పుస్తకం, విద్యార్థి పుస్తకం, సీడీలు. మూడు నెలలు వాడు పట్టికలు గడగడా అప్పజెప్పాడు. ఒకరోజు నాలుగు మాటల వాక్యం ఇచ్చి అర్థం చెప్పమంటే నోరు తెరవలేదు. తప్పు పుస్తకానిదే అనుకుని రెండో సెట్టు తెప్పించాను. అందులో మొదటి పేజీ నుండి అంతా లాటినే, ఇంగ్లిషు మాట లేదు. బాగా తెలిసిన గురువు చేతిలో అది బంగారం. నా చేతిలో ఏమవుతుంది? వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, వెనక పేజీల్లోనూ లేదు. మరుసటి ఏడు మూడో సెట్టు, వీడియోలతో. పైగా అందులో పట్టిక వరుసే వేరు. అమెరికా పుస్తకాలు ఎక్కువగా కర్త తర్వాత 'యొక్క' అర్థమిచ్చే రూపాన్ని పెడతాయి, బ్రిటన్ పుస్తకాలు 'ను' అర్థమిచ్చే రూపాన్ని ముందుకు తెస్తాయి. వాడు పాట లాగా బట్టీ పట్టినదంతా తారుమారయింది. పుస్తకం మార్చేటప్పుడు ఈ చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లు, మూడు సెట్లు. ఒక సాయంత్రం వాడు పెన్సిలు బల్ల మీద పెట్టి, ఇంగ్లిషులోనే, మెల్లగా అన్నాడు: "అమ్మా, ఇది నీకే రాదు. మరి నాకెందుకు?" కోపంగా అని ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. వాడు నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

అదే రోజుల్లో ఇంకొకటి జరుగుతూ ఉంది, నేను పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం తెనాలి నుండి మా అత్తయ్య ఫోను చేసేవారు. "తిన్నావా నాన్నా? ఏం చదువుతున్నావు?" అని అడిగేవారు. వాడు ఇంగ్లిషులో ఏదో చెప్పేవాడు. కాసేపటికి ఆవిడ, "అమ్మాయ్, వాడు చెప్పేది నాకు తెలియడం లేదే. నువ్వే మాట్లాడు" అనేవారు. రెండు వేల ఏళ్ల నాటి భాష కోసం రోజుకు గంట కేటాయించాను. నానమ్మ భాషకు వారానికి అయిదు నిమిషాలు, అదీ ఫోనులో. గోపురం కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క వేసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఎన్నిసార్లు ఆదివారపు బడిలో చెప్పి ఉంటాను! నా లెక్కలో పుస్తకాల ధర ఉంది, ఇది లేదు.

2014లో అత్తయ్య మా దగ్గరకు వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. ఆవిడ ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఒక ఉదయం వంటగదిలో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నారు. వాడు పక్కనే అయిష్టంగా పట్టిక చదువుతున్నాడు. రోసా, రోసే, రోసే, రోసమ్, రోసా. నాలుగైదుసార్లు విని, "ఏమిట్రా అది?" అన్నారు. నేను చెప్పాను, గులాబీ అనే మాటకు రూపాలు, గులాబీ, గులాబీ యొక్క, గులాబీకి, గులాబీని, గులాబీతో అని. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని, "ఇవి విభక్తులు కదే!" అన్నారు. వెంటనే డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని మొదలుపెట్టి సప్తమి దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశారు. వాడు నోరు తెరుచుకుని చూశాడు. నానమ్మకు కూడా పట్టిక వచ్చునని వాడికి ఆ రోజే తెలిసింది.

శ్రోతలారా, ఇది వినడానికి చిన్న సంగతి. కాని కేటలాగులలో ఏదీ నాకు చెప్పనిది ఇదే. కేటలాగులు వ్రాసేది ఇంగ్లిషు మాట్లాడే ఇళ్ల కోసం. ఇంగ్లిషు పిల్లవాడికి లాటిన్‌లో మొదటి ఎత్తు ఎక్కడంటే, మాట చివర మారితే దాని పని మారుతుందన్న సంగతి దగ్గర. 'మాతెర్ ఫీలియమ్ వొకత్' అంటే తల్లి కూతురిని పిలుస్తుంది. వరుస చూడండి, తల్లి, కూతురిని, పిలుస్తుంది. తెలుగులో ఎలా ఉన్నదో అక్కడా అలాగే ఉంది. మాటలు మార్చి 'ఫీలియమ్ మాతెర్ వొకత్' అన్నా పిలిచేది తల్లే. కూతురిని తల్లి పిలుస్తుంది అన్నప్పుడు మనం ఎప్పుడైనా తికమకపడ్డామా? ఇంగ్లిషులో మాటల చోట్లు మార్చి చూడండి, కూతురు తల్లిని పిలవడం మొదలుపెడుతుంది. తెలుగులో 'వస్తాను' అంటే చాలు, 'నేను' చెప్పనక్కరలేదు. లాటిన్‌లోనూ అంతే, క్రియ చివరే ఎవరో చెబుతుంది. ఇంగ్లిషులో నామవాచకానికి ముందు 'ఏ', 'ది' తగిలించాలి. తెలుగులో అవి లేవు, లాటిన్‌లోనూ లేవు.

తెలుగు, లాటిన్ చుట్టాలు కావు. సంస్కృతం మాత్రం లాటిన్‌కు దూరపు చుట్టం, ఆ మాటలు మన నోట్లో ఉన్నాయి. మాతకు మాతెర్, నామానికి నోమెన్, అగ్నికి ఇగ్నిస్, సప్తకు సెప్తెమ్. అత్తయ్య ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో వ్రాయించారు. ఎడమవైపు లాటిన్, కుడివైపు తెలుగు. కుడివైపు వ్రాయాలంటే వాడికి అక్షరాలు రావాలి కదా! ఆ విధంగా అ ఆలు మొదలయ్యాయి. ఆవిడ వాడికి తెలుగు చెప్పేవారు, వాడు ఆవిడకు లాటిన్ చెప్పేవాడు. తనకంటే వెనకబడిన విద్యార్థి దొరికితే పిల్లలకు ఎంత ఉత్సాహమో మీకు తెలుసు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదని తర్వాత తెలుసుకున్నాను. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ జర్మనీ నుండి వచ్చి మద్రాసులో పనిచేశాడు, బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. అది అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు. ఆయన 1728లో తెలుగు వ్యాకరణం వ్రాశాడు. ఏ భాషలో? లాటిన్‌లో. చదువుకున్న యూరపువారికి అప్పుడు లాటిన్ వ్యాకరణమే కొలబద్ద. లాటిన్ విభక్తుల మీదుగా ఆయన తెలుగు దగ్గరకు వచ్చాడు. మా ఇంట్లో వంటగది బల్ల దగ్గర అది తిరగబడింది.

కష్టం లేదని చెప్పను. తెలుగులో ఏ మాటకైనా 'కి' లేదా 'కు', అంతే. లాటిన్‌లో నామవాచకాలకు అయిదు గుంపులు, ఒక్కో గుంపుకు చివర్లు వేరు. తోడన్, వలనన్, అందున్ అని మనం విడివిడిగా చెప్పుకునేవి అక్కడ ఒకే రూపంలో కలిసిపోతాయి. అక్కడ బట్టీ పట్టక తప్పదు. అత్తయ్య కూడా మూడో గుంపు దగ్గర, "ఇక నా వల్ల కాదురా" అని లేచిపోయారు.

సరే, సహోదరీ, మీ ప్రశ్నకు వస్తాను. ఏ పుస్తకం? మీరు లాటిన్ చదవలేదని వ్రాశారు. కాబట్టి లాటిన్ రాని తల్లి పిల్లలకంటే ఒక పాఠం ముందుంటూ చెప్పగలిగే పుస్తకమే మీకు కావాలి. మెమోరియా ప్రెస్ వారి లాటీనా క్రిస్టియానా అటువంటి తల్లులను ఉద్దేశించి వ్రాసినదే. చెరిల్ లో అనే ఉపాధ్యాయురాలు వ్రాసింది. పాఠాలు చిన్నవి, టీచరు పుస్తకంలో జవాబులు ఉంటాయి. వ్యాకరణం ముందు, చదవడం తర్వాత. మీ పెద్దమ్మాయి వయసుకు సరిపోతుంది. మీ చిన్నవాళ్లు కథ ఉంటేనే కూర్చునే రకమైతే మినిమస్ చూడండి. బార్బరా బెల్ వ్రాసినది, 1999లో వచ్చింది. బ్రిటన్‌లో విండొలాండా అనే రోమా కోటలో ఉండే ఒక కుటుంబం, వాళ్ల ఎలుక. వ్యాకరణం తక్కువ, బొమ్మలు ఎక్కువ.

కేంబ్రిడ్జి లాటిన్ కోర్సు 1970 నుండి ఉన్నది, పొంపేయి పట్టణంలో ఒక కుటుంబం కథ. చదివే ఆసక్తి కలిగించడంలో దానికి మంచి పేరు. కాని ఆ కథలో బానిసలు, మద్యం, గ్లాడియేటర్లు వస్తారు. ముందు మీరు చదివి, పిల్లలతో మాట్లాడడానికి సిద్ధపడి ఇవ్వండి. హాన్స్ ఓర్బెర్గ్ అనే డెన్మార్క్ పండితుడు పూర్తిగా లాటిన్‌లోనే వ్రాసిన పుస్తకం ఉంది, 1955లో మొదట వచ్చింది. పిల్లలు కొంచెం పెద్దయ్యాక, చెప్పేవారు ఉంటే, అంతకంటే రుచికరమైనది నేను చూడలేదు. వీలక్ పుస్తకం కాలేజీ వారికి వ్రాసినది. పదేళ్ల పిల్లకు వద్దు.

చాలా ఇళ్లలో హెన్లే పుస్తకం వాడతారు. ఆయన జెసూట్ గురువు. వాక్యాలలో మరియమ్మ, పరిశుద్ధులు వస్తారు, సైన్యాలు, యుద్ధాలు అంతకంటే ఎక్కువగా వస్తాయి. మీరు బాప్టిస్టు సంఘమని వ్రాశారు. ఇది చూసి కొందరు భయపడతారు. ఆ వాక్యం వచ్చినప్పుడు, వారు ఇలా నమ్ముతారు, మనం ఇలా నమ్ముతాము అని పిల్లలకు చెప్పవచ్చు. జూపిటరు, వీనస్ కథల విషయమూ అంతే. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్య అంతా చదివారు, భోజనపు బల్ల దగ్గర మాత్రం గీత గీసుకున్నారు. గీత ఎక్కడో మీరూ మీ ఆయనా ముందే మాట్లాడుకోండి, పాఠం మధ్యలో కాదు.

ఉచ్చారణ గురించి పెద్ద తగవులు ఉన్నాయి, దాని మీద ఎక్కువ సమయం పోనివ్వకండి. సిసెరో పేరును రోమను కాథలిక్ సంఘపు పద్ధతిలో చిచెరో అంటారు, పురాతన పద్ధతిలో కికెరో అంటారు. మీ పుస్తకం ఏది చెబితే అది పట్టుకోండి, మధ్యలో మార్చకండి. మన తెలుగు బైబిలు గ్రీకు నుండి తీసుకుని కైసరు అని వ్రాసింది. ఇంగ్లిషువారి సీజర్ కంటే అది అసలు రోమావారి పలుకుకు దగ్గర. మా అమ్మాయి ఇది తెలుసుకుని నెల రోజులు అందరినీ సరిదిద్దుతూ తిరిగింది.

కొనే ముందు ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో నమూనా పాఠాలు దొరుకుతాయి, ఒకటి అచ్చు తీసుకోండి. మీరే ఒక పాఠం చదివి మీ అమ్మాయికి చెప్పి చూడండి. మీకు అర్థమైతే అది మీ పుస్తకం. స్నేహితురాలికి నప్పిందా లేదా అన్నది దీనికి సంబంధం లేదు. జవాబుల పుస్తకం విడిగా కొనాలేమో చూసుకోండి. పాత పుస్తకాలు సగం ధరకు దొరుకుతాయి, ముద్రణ మాత్రం జవాబుల పుస్తకంతో సరిపోవాలి. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. ఒకసారి కొన్నాక ఏడాది వరకు ఇంకో కేటలాగు తెరవకండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. పదేళ్లకు మొదలుపెట్టకపోతే మించిపోయిందని కూడా అనుకోవద్దు, పన్నెండేళ్లకు మొదలుపెట్టిన పిల్లలు రెండేళ్లలో అందుకోవడం నేను చూశాను.

మా పెద్దవాడు లాటిన్ పండితుడు కాలేదు. హైస్కూలు లెక్కకు కావలసిన రెండేళ్లు పూర్తి చేసి వదిలేశాడు. మా అమ్మాయి మొదటి నుండి ఒకే పుస్తకంతో చదివింది, ఇప్పటికీ చదువుతోంది. అయితే అత్తయ్య తిరిగి తెనాలి వెళ్లాక ఆదివారపు ఫోను నా చేతికి రావడం తగ్గింది. వాడి తెలుగులో తప్పులు చాలా ఉండేవి. "నానమ్మ, నీను మిస్ అవుతున్నాను" అనేవాడు. ఆవిడ అటునుండి, "నీను కాదురా, నిన్ను. ద్వితీయా విభక్తి" అనేవారు. 2021లో ఆవిడ ప్రభువునందు నిద్రించారు. ఆ నోట్‌బుక్కు వాడి దగ్గర ఉంది, నన్ను కూడా ముట్టుకోనివ్వడు.

తిమోతి విశ్వాసాన్ని గురించి వ్రాస్తూ పౌలు అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరు పెట్టి గుర్తు చేసుకున్నాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ ఇంట్లో ఎన్ని భాషలు వినబడేవో, ఏ భాషలో ఆ అవ్వ అతనికి లేఖనాలు చెప్పిందో అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

సహోదరీ, మీ ఉత్తరం చివర మీ అత్తగారు సత్తెనపల్లిలో ఒంటరిగా ఉన్నారని ఒక్క వాక్యం వ్రాశారు. ఈ శనివారం నమూనా పాఠం అచ్చు తీశాక ఆమెకు ఫోను చేసి, చిన్నప్పుడు నేర్చుకున్న విభక్తులు గుర్తున్నాయేమో అడగండి. ఫోను మీ పెద్దమ్మాయి చేతికి ఇవ్వండి. ఏమైందో నాకు మళ్లీ వ్రాయండి, ఎదురుచూస్తుంటాను. ఇప్పుడు మనమందరం కళ్లు మూసుకుని, ఇంటి దగ్గర పిల్లలకు చదువు చెప్పుకుంటున్న తల్లుల కోసం ప్రార్థన చేసుకుందాము.